బంజారా హిల్స్

బంజారా హిల్స్ హైదరాబాదు నగరంలో పశ్చిమ దిక్కున ఉన్న ఒక ప్రముఖ నివాస, వ్యాపార ప్రాంతము. ఎత్తైన రాతి గుట్టల మీద ఏర్పడిన ఈ ప్రాంతం, దీనిని ఆనుకొని ఉన్న జూబిలీ హిల్స్‌తో కలిసి, కొన్ని దశాబ్దాలుగా నగరంలోని సంపన్నుల నివాస స్థలంగా పేరు పొందినది. సినీ నటులు, రాజకీయ నాయకులు, వైద్యులు, పారిశ్రామికవేత్తలు ఇక్కడ నివసించుట వలన తెలుగు సినిమాలలోనూ, పత్రికలలోనూ, వాడుక మాటలలోనూ "బంజారా హిల్స్" అన్న పేరు ఐశ్వర్యానికి పర్యాయపదంగా మారినది. ఇదే గుట్టల నడుమ పేదల బస్తీలు కూడా అనేకం ఉన్నవి. ప్రాంతానికి పేరునిచ్చినవారు మాత్రం గిరిజనులైన బంజారాలు. ఈ ప్రాంతపు పిన్‌కోడు 500034. ఇది ఖైరతాబాదు శాసనసభ నియోజకవర్గంలోనూ, సికింద్రాబాదు లోక్‌సభ నియోజకవర్గంలోనూ ఉన్నది.

పేరు

బంజారాలను తెలుగునాట లంబాడీలు, సుగాలీలు అని కూడా పిలుస్తారు. ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దూర ప్రాంతాలకు చేరవేయుట వీరి పూర్వవృత్తి. మొగలుల సైన్యాలకూ, దక్కను పాలకుల సైన్యాలకూ తిండిగింజలు అందించినవారిలో వీరు ముఖ్యులు. 19వ శతాబ్దంలో రైలుమార్గాలు వచ్చిన తరువాత ఈ రవాణా వ్యాపారం దెబ్బతిన్నది. అటుపై వీరిలో చాలామంది తండాలు కట్టుకొని పశుపోషణ, వ్యవసాయం, కూలి పనులతో స్థిరపడినారు. వీరి మాతృభాషకు ప్రత్యేకమైన లిపి లేదు. తెలంగాణ ప్రాంతంలో వీరు 1976 నాటి సవరణ చట్టం ద్వారా షెడ్యూల్డు తెగల జాబితాలో చేరినారు.

ఒకప్పుడు నగరానికి వెలుపల ఉన్న ఈ గుట్టల మీద బంజారాలు నివసించేవారు. ఆ కారణంగానే ఈ ప్రాంతానికి ఈ పేరు వచ్చినది.

భౌగోళికం

హైదరాబాదు నగరం సముద్రమట్టానికి సగటున సుమారు 542 మీటర్ల ఎత్తులో ఉన్నది. బంజారా హిల్స్‌లో అత్యంత ఎత్తైన చోటు 672 మీటర్లు. ఈ గుట్టలు దక్కను పీఠభూమికి చెందిన అతి ప్రాచీనమైన గ్రానైటు శిలలతో ఏర్పడినవి. ఎండకు, వానకు పగుళ్ళు పడి, గుండ్రంగా అరిగి, ఒకదానిపై ఒకటి నిలిపినట్లుగా కనిపించే బండరాళ్ళు ఇక్కడి సహజ లక్షణం.

నేల రాతినేల కావడం వలన ఇక్కడ భూగర్భజలం తక్కువ. పైన ఉన్న పలుచని మట్టి పొరలోనూ, లోపలి రాతి పగుళ్ళలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. వాన నీటిలో అధిక భాగం పల్లానికి జారిపోతుంది. ఈ ఒక్క విషయం ఈ ప్రాంతపు చరిత్రలో పలుమార్లు ముందుకు వచ్చినది.

ఈ ప్రాంతంలో 1930లో కట్టిన చెరువుకు హమీద్‌ఖాన్ కుంట అని పేరు. దీనినే బంజారా చెరువు అని కూడా అంటారు. ఇది రోడ్ నెంబర్ 1కి దగ్గరలో ఉన్నది.

చరిత్ర

నిజాం కాలం

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో హైదరాబాదు నగరం తీవ్రంగా నష్టపోయినది. తరువాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తి అయినవి. నగరం మూసీకి ఉత్తరంగా విస్తరించుట ఈ కాలంలో వేగం పుంజుకున్నది. అయినప్పటికీ బంజారా గుట్టలు అప్పటికి అడవిగానే ఉండి, వేటకు, విహారానికి మాత్రమే ఉపయోగపడేవి.

ఇక్కడ మొట్టమొదట నివాసం ఏర్పరచుకొన్న ప్రముఖులలో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ముఖ్యుడు. హైదరాబాదు సంస్థానంలో ఉన్నతాధికారిగా పనిచేసిన ఈయన, తరువాతి కాలంలో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నరుగా (1960-65) ఉన్నాడు. నగరంలోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఈయన పేరుతోనే ఉన్నది. గుట్ట మీది బండలను పగలగొట్టకుండా, వాటిని కలుపుకొంటూ ఈయన కట్టించుకొన్న ఇంటికి "బంజారా భవన్" అని పేరు. రాయిని తొలగించకుండా దాని వెంట ఇల్లు కట్టవచ్చునని చూపిన కట్టడంగా దీనిని చెప్పుకొంటారు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ టాగూరు ఈ గుట్టల మీద బస చేసినాడు. ఆ సందర్భంలో ఆయన వ్రాసిన కవిత పేరు "కోహ్‌సార్". పర్షియన్ భాషలో ఈ మాటకు కొండల ప్రదేశము అని అర్థం.

1937లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనకు రజతోత్సవాలు జరిగినవి. అదే సంవత్సరంలో ఈ గుట్టల ప్రాంతాలను కలిపి జూబిలీ హిల్స్ పురపాలక సంఘం ఏర్పాటయినది. తరువాత ఇది హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనది.

సినిమా పరిశ్రమ రాక

1960ల నుండి తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు క్రమంగా తరలి వచ్చినది. స్టూడియోలకు విశాలమైన స్థలం అవసరం. బంజారా, జూబిలీ గుట్టల మీద ఆనాడు అటువంటి స్థలం లభించినది. నటుడు అక్కినేని నాగేశ్వరరావు 1970ల నడుమ 22 ఎకరాల రాతినేలలో అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పినాడు. తరువాత పద్మాలయా స్టూడియోస్, 1989లో నిర్మాత డి.రామానాయుడు స్థాపించిన రామానాయుడు స్టూడియోస్ వచ్చినవి. ఈ స్టూడియోల చుట్టూ ఫిల్మ్‌నగర్ ఏర్పడినది. నటీనటులు, సాంకేతిక నిపుణులు పనిచేసే చోటికి దగ్గరలో ఇళ్ళు కట్టుకొన్నారు. రోడ్ నెంబర్ 12 వైపు శాసనసభ్యులకు ఎమ్మెల్యే కాలనీ ఏర్పడినది.

ఐటీ కాలం

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అంతవరకు నగరానికి పడమటి అంచుగా ఉన్న బంజారా హిల్స్, పాత వ్యాపార కేంద్రాలకూ, కొత్త ఐటీ కేంద్రానికీ నడుమ మార్గంగా మారినది. నివాసాలతో పాటు కార్యాలయాలు, ఆసుపత్రులు, నగల దుకాణాలు, భోజనశాలలు, మాల్‌లు పెరిగినవి. 2009లో రోడ్ నెంబర్ 1లో జీవీకే వన్ మాల్ ప్రారంభమైనది.

నివాసానికి గల ఆకర్షణ

బంజారా హిల్స్‌లో నివసించాలన్న కోరికకు కారణాలు కాలంతో పాటు మారుతూ వచ్చినవి. వాటిని ఈ విధంగా చెప్పవచ్చును.

ఎత్తు, గాలి, ఏకాంతం: తొలి తరం వారిని ఇక్కడికి రప్పించినది ఇదే. వరదనీరు చేరని ఎత్తు, వేసవి సాయంత్రాలలో గాలి, ఇంటికీ ఇంటికీ నడుమ దూరం, కిటికీ నుండి కనిపించే బండలు, చెట్లు. పాత నగరంలోని ఇరుకు వీధులలో, ఉమ్మడి గోడల ఇళ్ళలో పెరిగినవారికి ఇది పూర్తిగా భిన్నమైన జీవితం. ప్రహరీ గోడ, తోట, కాపలాదారు గల విడి ఇల్లు ఈ ప్రాంతపు గుర్తుగా ఏర్పడినది. పదిమంది దృష్టిలో ఉండే వృత్తులవారికి ఈ ఏకాంతం మరింత అవసరమైనది.

చిరునామా: ఇక్కడి ప్రధాన వీధులకు పేర్లు కాక 1 నుండి 14 వరకు సంఖ్యలు ఉన్నవి. ఇంటి నెంబర్లు సాధారణంగా 8-2 తో మొదలవుతాయి. కాని వాటిని తపాలా ఉద్యోగులే ఎక్కువగా వాడుతారు. మాటల్లో చెప్పేది రోడ్ నెంబరు మాత్రమే. "రోడ్ నెంబర్ 2", "రోడ్ నెంబర్ 12" అన్న మాటే ఆ వ్యక్తి ఆర్థిక స్థాయిని ఎదుటివారికి తెలుపుతుంది. వ్యాపార సంస్థ ఉత్తరాల పైభాగంలోనూ, పెళ్ళి శుభలేఖలోనూ ఈ చిరునామాకు విలువ ఉన్నది. ఇతర ప్రాంతాలలో ఇంతకంటే పెద్ద ఇల్లు తక్కువ ధరకు దొరికినా, చాలామంది ఇక్కడే చిన్న ఇంటిని కోరుకొనుటకు ఇది ఒక కారణం.

సదుపాయాల సామీప్యం: ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుండి ఇక్కడ పనిచేస్తున్నది. దీని స్థాపకుడు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు. చలనచిత్ర ప్రముఖుడు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం దీనికి స్థలాన్ని, ధనాన్ని ఇచ్చినది. ఎన్.టి.రామారావు సతీమణి పేరుతో ఏర్పడిన బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000లో ప్రారంభమైనది. ముఫ్ఫకంజా ఇంజనీరింగు కళాశాల రోడ్ నెంబర్ 3లో ఉన్నది. వృద్ధులైన తల్లిదండ్రులు, చదువుకొనే పిల్లలు గల కుటుంబాలకు ఆసుపత్రి, విద్యాసంస్థ, కార్యాలయం అన్నీ దగ్గరలో ఉండుట పెద్ద సౌకర్యం. ఈ ఆసుపత్రులు ఇక్కడి నివాసుల కొరకు మాత్రమే కాదు. నేత్ర వైద్య సంస్థలో డబ్బు చెల్లించలేని రోగులకు ఉచితంగా చికిత్స చేస్తారు. దూరపు పల్లెల నుండి వచ్చినవారికి బంజారా హిల్స్ అంటే కంటి ఆసుపత్రి, క్యాన్సర్ ఆసుపత్రి.

పచ్చదనం: ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఆవరణలోని అటవీ భూమిని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించినారు. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టిన ఈ ఉద్యానవనం (కేబీఆర్ పార్కు) వైశాల్యం 140 హెక్టార్లకు పైగా ఉన్నది. సుమారు 600 జాతుల మొక్కలు, 140 జాతుల పక్షులు ఇక్కడ ఉన్నట్లు గుర్తించినారు. నెమళ్ళ అరుపు వినిపించే చోట ఉదయపు నడక మహానగరంలో అరుదైన సౌఖ్యం. పార్కు చుట్టుపక్కల ఇళ్ళకు అధిక ధర పలుకుటకు ఇది ముఖ్య కారణం. రోడ్ నెంబర్ 1లోని జలగం వెంగళరావు పార్కు, రోడ్ నెంబర్ 12 వైపు గల లోటస్ పాండ్ మరికొన్ని విహార స్థలాలు.

కళలు, కాలక్షేపం: చిత్రకళా ప్రదర్శనశాలలు, చేనేత వస్త్రాల దుకాణాలు, కాఫీ హోటళ్ళు, వివిధ దేశాల వంటకాలు లభించే భోజనశాలలు యువతను ఆకర్షిస్తున్నవి. రోడ్ నెంబర్ 12లోని జగన్నాథ ఆలయం ప్రముఖమైనది. 2010లో ఒక పాత ఇంటి ఆవరణలో ప్రారంభమైన లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో నాటకాలు, ఉపన్యాసాలు, సంగీత కార్యక్రమాలు జరుగుతాయి. ఇక్కడ ఎవరైనా తక్కువ ఖర్చుతో టీ తాగుతూ గంటల తరబడి కూర్చొనవచ్చును. ఖరీదైన ప్రాంతంలో ఖర్చు లేకుండా గడిపే చోటు కావడం దీని ప్రత్యేకత.

బస్తీలు

బంజారా హిల్స్‌లో అందరూ ధనికులు కారు. ఎన్.బి.టి. నగర్, నూర్‌నగర్, జహీరానగర్, ఉదయ్‌నగర్, సింగాడికుంట మొదలగు బస్తీలు ఈ ప్రాంతంలోనే ఉన్నవి. ఇళ్ళ నిర్మాణానికి వచ్చిన కూలీలు, రాళ్ళు కొట్టేవారు, ఉపాధి కొరకు జిల్లాల నుండి వలస వచ్చిన కుటుంబాలు గుట్టల వాలులలోనూ, ఎవరూ ఇళ్ళు కట్టని పల్లపు చోట్లలోనూ గుడిసెలు వేసుకొన్నారు. క్రమంగా ఇవి పక్కా ఇళ్ళుగా మారినవి.

ఇళ్ళలో పనిచేసేవారు, వంటవారు, డ్రైవర్లు, కాపలాదారులు, తోటమాలులు, ఇస్త్రీ చేసేవారు, దుకాణాలలో సహాయకులు అధికంగా ఈ బస్తీల నుండే వస్తారు. పెద్ద ఇళ్ళలోని సౌకర్యవంతమైన జీవితం వీరి శ్రమ మీద ఆధారపడి ఉన్నది. పనిచోటుకు నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఇల్లు ఉండుట ఈ కుటుంబాలకు గల ప్రధాన లాభం. బస్తీని వదిలి నగరపు అంచున పెద్ద ఇంటికి వెళ్ళినా, రాకపోకల ఖర్చు, సమయం వలన పని పోయే ప్రమాదం ఉన్నది. అనగా, "ఇక్కడే ఉండాలి" అన్న పట్టుదల ధనికులకు ఎంత ఉన్నదో పేదలకూ అంతే ఉన్నది. కారణాలు మాత్రం వేరు.

ప్రభుత్వ భూములలో ఉన్న ఇటువంటి ఇళ్ళకు హక్కు పత్రాలు ప్రధాన సమస్య. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం జారీ చేసిన 58వ నెంబరు ఉత్తర్వు ప్రకారం, అభ్యంతరం లేని ప్రభుత్వ భూములలో 125 చదరపు గజాల వరకు ఉన్న పేదల ఇళ్ళను ఉచితంగా క్రమబద్ధం చేయుటకు వీలు కలిగినది.

మార్పులు, సమస్యలు

ఏ గుణాలను కోరి ప్రజలు ఇక్కడికి వచ్చినారో, వారి రాకతో ఆ గుణాలే తగ్గుతూ వచ్చినవి.

బండరాళ్ళు: మెహదీ నవాజ్ జంగ్ ఇంటిలో బండలు గోడలో భాగమైనవి. తరువాతి కాలంలో స్థలం విలువ పెరిగిన కొద్దీ బండలను పగలగొట్టి నేలను చదును చేయుట, కార్ల కొరకు సెల్లార్లు తవ్వుట సాధారణమైనది. ఈ శిలలను కాపాడవలెనన్న ఉద్దేశంతో 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ ఏర్పడినది.

విడి ఇళ్ళ స్థానంలో అపార్టుమెంట్లు: పెద్ద ఇల్లు కట్టిన తరం గడచిన తరువాత వారసులు ఆ స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చి, వచ్చిన ఫ్లాట్లను పంచుకొనుట పరిపాటి అయినది. 2006 మార్చిలో వచ్చిన సవరించిన భవన నిర్మాణ నియమాలు నగరంలో ఎత్తైన కట్టడాలకు అవకాశాన్ని పెంచినవి. ప్రధాన రోడ్ల మీది ఇళ్ళు చాలావరకు దుకాణాలుగా, కార్యాలయాలుగా మారినవి. ఒక కుటుంబం ఉన్న చోట పదుల సంఖ్యలో కుటుంబాలు చేరుట వలన తోటలు, ఏకాంతం తగ్గినవి.

నీరు: గుట్ట మీదికి నీటిని పంపుల ద్వారా ఎక్కించవలసి ఉంటుంది. 2004లో కృష్ణా జలాల మొదటి దశ, 2015లో గోదావరి జలాలు నగరానికి చేరినప్పటికీ, వేసవిలో ట్యాంకర్లు ఈ వీధులలో తరచుగా కనిపిస్తాయి. మట్టి, చెట్లు ఉన్నచోట కొంతైనా ఇంకే వాన నీరు, సిమెంటు నేల మీద వేగంగా పల్లానికి పోతుంది. ఎత్తున ఉన్న ఇంటికి ఇది ఇబ్బంది కలిగించదు. నీరు చేరేది వాలు కింద ఉన్న బస్తీకి, కాలనీకి. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు నగరంలోని అనేక లోతట్టు కాలనీలు మునిగినవి. బంజారా చెరువు విస్తీర్ణం కూడా పూర్వం కంటే చాలా తగ్గినది.

వాహనాల రద్దీ: కొద్ది ఇళ్ళకు సరిపడేలా వేసిన ఎత్తుపల్లాల రోడ్ల మీద నేడు నగరపు పడమటి భాగానికి వెళ్ళే వాహనాలన్నీ నడుస్తున్నవి. కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు కట్టే ప్రతిపాదనను 2016లో పర్యావరణవాదులు, నడకకు వచ్చేవారు వ్యతిరేకించినారు. చెట్ల నరికివేత మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ స్టే ఇచ్చినది. 2024లో పార్కు చుట్టూ ఉన్న ఆరు కూడళ్ళలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు నిర్మించుటకు ప్రభుత్వం మరల పథకం చేపట్టినది. పార్కు పక్కన ఉండాలన్న కోరిక, పార్కు పక్కన త్వరగా సాగిపోవాలన్న అవసరం ఇక్కడ ఎదురెదురుగా నిలిచినవి.

కొత్త ప్రాంతాల పోటీ

2010ల నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట మొదలగు పడమటి ప్రాంతాలలో గేటెడ్ కమ్యూనిటీలు, ఆకాశహర్మ్యాలు పెరిగినవి. 2023 ఆగస్టులో కోకాపేటలో జరిగిన ప్రభుత్వ భూముల వేలంలో ఒక ప్లాటుకు ఎకరా ధర 100 కోట్ల రూపాయలు దాటినది. ఈతకొలను, ఆటస్థలం, క్లబ్బు అన్నీ ఒకే ప్రహరీ లోపల లభించుట యువ ఉద్యోగులకు నచ్చుచున్నది. అయితే ఆ ప్రహరీల లోపల బస్తీలు, పాత దర్గాలు, చిన్న కిరాణా కొట్లు ఉండవు. బంజారా హిల్స్‌లో పెద్ద బంగళా ఉన్న వీధి మలుపులోనే ఇస్త్రీ బండి, పాన్ డబ్బా, సర్కారు బడి కనిపిస్తాయి. ఖరీదైన ప్రాంతమైనప్పటికీ ఇది నగరంలో భాగంగా మిగిలి ఉండుటకు ఇది కారణం.

రవాణా

మాసాబ్‌ట్యాంకు నుండి రోడ్ నెంబర్ 1 మీదుగా పంజాగుట్ట వైపు, రోడ్ నెంబర్ 2 మీదుగా జూబిలీ హిల్స్ వైపు, రోడ్ నెంబర్ 12 మీదుగా ఫిల్మ్‌నగర్ వైపు వెళ్ళవచ్చును. సిటీ బస్సులు ఈ మార్గాలలో నడుస్తున్నవి. మెట్రో రైలు బంజారా హిల్స్ నడిబొడ్డు గుండా వెళ్ళదు. ఖైరతాబాదు, ఎర్రమంజిల్, పంజాగుట్ట స్టేషన్లు తూర్పున, 2019లో ప్రారంభమైన జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు స్టేషను పడమర దగ్గరలో ఉన్నవి. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు తీగల వంతెన ప్రారంభమైన తరువాత జూబిలీ హిల్స్ రోడ్ నెంబర్ 45 మీదుగా మాదాపూర్ వైపు ప్రయాణం సులభమైనది.

బంజారాలు, బంజారా హిల్స్

ఈ ప్రాంతానికి పేరునిచ్చిన బంజారాలకు ఇక్కడ చాలాకాలం వరకు తమదంటూ చెప్పుకొనదగిన కట్టడం లేదు. నిజాం కాలం నాటి "బంజారా భవన్" ఒక నవాబు నివాసం. 2022 సెప్టెంబరు 17న రోడ్ నెంబర్ 10లో సేవాలాల్ బంజారా భవన్, దానితో పాటు కుమురం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమైనవి. 18వ శతాబ్దికి చెందిన సంత్ సేవాలాల్ మహరాజ్ బంజారాల ఆరాధ్య గురువు. సభలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఉద్దేశించిన ఈ భవనంతో, తండాల నుండి నగరానికి వచ్చే బంజారాలకు తమ పేరు గల గుట్టల మీద తమదైన చోటు ఒకటి ఏర్పడినది.

ఇవి కూడా చూడండి

జూబిలీ హిల్స్
కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం
లంబాడీలు
తెలుగు సినిమా
హుసేన్ సాగర్